దెబ్బతిన్న చేతికి మరల పని

ధాన్యపు మిల్లులో తిరుగుచున్న బెల్టునకు పైగుడ్డ తగులుకొని ఒక పనివాని చేయి నలిగినదనుకొందము. తోటివారు పరుగెత్తివచ్చి మోటారు నాపుదురు. గుడ్డ చుట్టి ఆసుపత్రికి చేర్చుదురు. యజమాని దయగలవాడైనచో మందులకు సొమ్మిచ్చును. చట్టమునకు వెరచువాడైనచో పరిహారము చెల్లించును. "నయమైన తరువాత రమ్ము" అని మేస్త్రీ చెప్పి పంపును. నయమగుటకు మూడు మాసములు పట్టును. ఈలోపల ఆ బెల్టు దగ్గర మరియొకడు కుదురుకొనును. నాల్గవ మాసమున మిల్లు గుమ్మములో వచ్చి నిలిచినవానిని చూచి మేస్త్రీ మొగము త్రిప్పుకొనును. పరిహారపు సొమ్ము అప్పటికే అప్పులవారి చేతులలోనికి పోయియుండును. నిన్నటివరకు నలుగురికి అన్నము పెట్టినవాడు నేడు ఇంటి అరుగుమీద కూర్చుండి, పనికి పోవు భార్య వంకను, బడి మానిన కుమారుని వంకను చూచుచుండును.

ఇట్టి కథ మన జిల్లాలలో ఎన్ని పేటలలో, ఎన్ని గ్రామములలో జరిగినదో మా పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఇందు దుర్మార్గుడని వ్రేలు చూపదగినవాడు ఒక్కడును లేడు. యజమాని సొమ్మిచ్చెను, వైద్యుడు గాయము మాన్పెను, మేస్త్రీ తన పని ఆగకుండ చూచుకొనెను. అయినను ఒక కుటుంబము నేలగూలినది. లోపమెక్కడ? గాయపడినవాని ఋణము సొమ్ముతో తీరిపోవునను తలంపులోనే లోపమున్నదని మా యభిప్రాయము. వానికి రావలసినవి రెండు: పోయిన అవయవమునకు పరిహారము, పోయిన పనికి మరల పని. మొదటిదానికి మన దేశమున నూరేండ్లకు పైగా చట్టమున్నది. రెండవదానికి చట్టము అరకొర. అలవాటు అంతకన్నను తక్కువ.

అవయవములకు వెల

పనివారి నష్టపరిహార చట్టము 1923లో పుట్టి, 1924 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు గాయపడిన కూలివాడు యజమాని అజాగ్రత్తను న్యాయస్థానములో రుజువు చేయవలసియుండెను. కూటికి లేనివాడు కోర్టు మెట్లెక్కుటెట్లు? పనిలో, పని కారణమున దెబ్బ తగిలినచో, సామాన్యముగా తప్పెవరిదని విచారింపకయే పరిహార మీయవలెనని ఆ చట్టము శాసించినది. అది గొప్ప మేలు. దానిని తక్కువచేసి మాటాడుట మా యుద్దేశము కాదు.

కాని ఆ చట్టము లెక్కించిన విధమును గమనింపుడు. దానికి అనుబంధముగా ఒక పట్టిక చేర్చిరి. ఒక చేతి బొటనవ్రేలు పోయినచో సంపాదించు శక్తి నూటికి 30 పాళ్లు తగ్గినట్లు. ఒక కన్ను పోయి రెండవది బాగుగ నున్నచో 40 పాళ్లు. ఒక చేతి నాలుగు వ్రేళ్లు పోయినచో 50 పాళ్లు. వడ్రంగి బొటనవ్రేలికిని, గేటు కాచు కావలివాని బొటనవ్రేలికిని ఒకటే అంకె. కొంతకాలమే పని చేయలేనివానికి సగము జీతము చొప్పున అయిదేండ్లకు మించకుండ ఇచ్చు ఏర్పాటు జరిగినది. ఆ మీదట వాడేమి చేయవలెను, ఎవ్వరి యొద్ద చేయవలెను అను ప్రశ్నకు ఆ పట్టికలో జవాబు లేదు.

దీనివలన ఒక చిక్కు పుట్టినది. అశక్తత యెంత హెచ్చుగా కనబడిన పరిహార మంత హెచ్చు. కావున పనివాడు తన బలహీనతను చూపుకొనవలసి వచ్చును. యజమాని వాని బలమును రుజువు చేయజూచును. ఇరువురి నడుమ వైద్యుడు త్రాసు పట్టుకొని నిలుచును. ఏమి పోయినదను వాదమే మాసములకొలది సాగును. మిగిలియున్న శక్తితో వాడేమి చేయగలడని అడుగువా డుండడు.

1948లో వచ్చిన ఉద్యోగుల రాజ్య బీమా చట్టము ఇంకొక మెట్టు పైకెక్కినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో ఆ పథకము ఆరంభమైనది. పనిలో గాయపడి తాత్కాలికముగ ఇంట నున్నవానికి జీతములో నూటికి 90 పాళ్ల చొప్పున భృతి లభించు ఏర్పాటు దానివలన కలిగినది. ఆ భృతి పొందుచున్న దినములలో పనివానిని తొలగించుట గాని శిక్షించుట గాని కూడదని ఆ చట్టపు 73వ విభాగము నిషేధించినది. అంతేకాదు, గాయపడినవారిని మరల నిలబెట్టుటకును, తిరిగి పనిలో చేర్చుటకును కార్పొరేషను ప్రయత్నము చేయవచ్చునని 19వ విభాగములో వ్రాసిరి. "చేయవలెను" అని వ్రాయలేదు, "చేయవచ్చును" అని వ్రాసిరి. ఈ రెండు క్రియల నడుమనున్న అంతరములోనే వేలకొలది కుటుంబముల బ్రదుకు జారిపోయినది. ఈ చట్టములు రెండును 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కలిసిపోయినవి. ఆ స్మృతి 2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చినది. చట్టము పేరు మారిన ఈ సమయముననే మన తలంపును గూడ మార్చుకొనుట మంచిది.

విశ్రాంతి ఎంతవరకు?

"ఒళ్లు పూర్తిగ కుదురువరకు మంచము దిగకుము" అనుట మన యిండ్లలో ప్రేమతో చెప్పు మాట. విరిగిన యెముక అతుకువరకు, కోసిన గాయము మానువరకు విశ్రాంతి అవసరమే; ఆ విషయమున వైద్యుని మాటయే ప్రమాణము. కాని అవసరమునకు మించిన విశ్రాంతి మందు కాదని నేటి వైద్యశాస్త్రము తేల్చినది. ఫిన్లండు దేశమున హెల్సింకీ నగర పాలక సంస్థ ఉద్యోగులలో నడుము నొప్పి వచ్చిన 186 మందిని మూడు తెగలుగా విభజించి పరీక్షించిన ఫలితము 1995లో ప్రకటింపబడినది. ఒక తెగవారు రెండు దినములు మంచముపై నుండిరి. రెండవ తెగవారు నడుము వంచు వ్యాయామములు చేసిరి. మూడవ తెగవారు నొప్పి ఓర్చుకొనగలిగినంత వరకు తమ నిత్యకృత్యములనే సాగించిరి. అందరికన్న త్వరగా కోలుకొన్నవారు మూడవ తెగవారు. అందరికన్న ఆలస్యముగ కోలుకొన్నవారు మంచము పట్టినవారు.

కెనడాలోని క్యూబెక్ రాష్ట్రమున జరిగిన పరిశోధన దీనికన్న మన ప్రస్తుత విషయమునకు దగ్గరిది. 31 కార్యస్థానములలో నడుము నొప్పిచే నాలుగు వారములకు మించి పనికి దూరమైన 130 మందిని తీసికొనిరి. కొందరికి మామూలు వైద్యమే జరిగినది. కొందరికి వైద్యముతోపాటు ఇంకొక పని చేసిరి: నిపుణుడొకడు పని జరుగు చోటికే పోయి, పనివానిని, పై మేస్త్రీని, యాజమాన్యపు ప్రతినిధిని, సంఘపు ప్రతినిధిని ఒకచోట కూర్చుండబెట్టి, పని చేయు విధములో ఏ మార్పు చేసిన వాడు మరల రాగలడో నిర్ణయించెను. 1997లో వెలువడిన ఫలితము ప్రకారము, ఈ రెండు విధముల సహాయమును పొందినవారు మామూలు వైద్యము పొందినవారికన్న 2.4 రెట్లు వేగముగ తమ పూర్వపు పనిలో చేరిరి. ఆసుపత్రిలో ఇచ్చు మందు ఎంత అవసరమో, పని చోట చేయు సర్దుబాటు అంత అవసరమని దీనివలన తెలియుచున్నది.

ఇందు ఆశ్చర్యపడవలసిన దేమియు లేదు. పని మనుష్యునకు కూలి మాత్రమే తెచ్చునది కాదు. తెల్లవారగనే లేచుటకు ఒక కారణము, నలుగురిలో ఒక పేరు, ఇంటిలో ఒక మాట చెల్లుబడి, ఇవన్నియు పనితోనే వచ్చును. నెలలకొలది అరుగుమీద కూర్చున్నవానికి కండరములతోపాటు ధైర్యము కూడ సడలును. "నేనిక పనికిరాను" అను మాట ఒకసారి మనస్సులో నాటుకొన్న పిమ్మట దానిని పెకలించుట ఏ శస్త్రవైద్యునికిని సాధ్యము కాదు. అందుచేతనే పనికి దూరమైన దినములు పెరిగినకొలది తిరిగివచ్చు ఆశ సన్నగిల్లునని ఈ విషయమున అనుభవము గల దేశములన్నియు గ్రహించినవి.

ఇతర దేశముల పద్ధతి

జర్మనీ దేశము 1884లోనే ప్రమాద బీమా చట్టము చేసినది. 1890లో బోకుం పట్టణమున గని కార్మికులకొరకు ప్రత్యేకముగ ప్రమాద వైద్యశాల వెలసినది. బొగ్గు గనిలో గాయపడినవానికి పింఛను ఇచ్చి ఇంటికి పంపుటకన్న, మంచి వైద్యము చేయించి మరల నిలబెట్టుట బీమా నిధికే లాభమని ఆనాటివారు గుర్తించిరి. "పింఛనుకు ముందు పునరావాసము" అనునది నేటికిని ఆ దేశపు సూత్రము. 2004నుండి అచ్చట ఇంకొక నియమమున్నది: పండ్రెండు మాసములలో ఆరు వారములకు మించి జబ్బుచే పనికి రాలేకపోయిన ప్రతి ఉద్యోగితోను యజమాని స్వయముగ మాటాడి, తిరిగివచ్చుటకు ఏ సహాయము కావలెనో విచారింపవలెను. మొదట దినమునకు రెండు మూడు గంటలు, కొన్ని వారముల పిమ్మట నాలుగైదు గంటలు, ఆ పిమ్మట పూర్తి పని, ఇట్లు మెట్టు వెంట మెట్టు ఎక్కించు పద్ధతి అక్కడ వాడుకలోనున్నది. ఆ మధ్యకాలమున వానికి బీమా భృతి సాగుచుండును. కావున తొందరపడి ఒళ్లు చెడగొట్టుకొనవలసిన అగత్యము లేదు.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రము 1997 నాటి చట్టముచే దీనిని యజమానుల విధిగా చేసినది. ఇరువదిమందికి తక్కువగాకుండ పనివారున్న యజమాని, తన యొద్ద ఏడాదియైన పనిచేసి గాయపడినవానిని తిరిగి తీసికొనవలెను. సామాన్యముగా రెండేండ్ల వరకు ఈ బాధ్యత వానిపై నుండును.

యజమానులు ఇందుకు భయపడనక్కరలేదు. శ్రామిక సంఘములకు మిత్రుడని యెవ్వరును అనజాలని హెన్రీ ఫోర్డు తన కర్మాగారములోని పనులను ఒక్కొక్కటిగా పరీక్షింపజేసి, 1922లో ప్రకటించిన ఆత్మకథలో ఆ లెక్కను వ్రాసెను. మొత్తము 7,882 రకముల పనులు తేలినవి. వానిలో 2,637 పనులు ఒంటికాలివారు చేయదగినవి; 670 పనులు రెండు కాళ్లును లేనివారు, 715 పనులు ఒంటిచేతివారు, 10 పనులు కన్నులు లేనివారు చేయదగినవి; రెండు చేతులును లేనివారు చేయదగినవి కూడ 2 పనులు దొరికినవి. అనగా సగమునకు మించిన పనులకు నిండు శరీరము అక్కరలేదు. ఇది దానధర్మముల లెక్క కాదు. లాభము చూచుకొన్న వ్యాపారి వేసిన లెక్క. ఎంచి చూచినగాని దొరకనిది, ఎంచి చూడగనే దొరకినది.

లాభమన్న మాట వచ్చినది కావున ఇంకొక ముక్క చెప్పుదుము. పదేండ్లు పనిచేసినవానికి యంత్రపు మూలుగు వినగనే దాని జబ్బు తెలియును. ఏ బస్తాలో తడి యున్నదో, ఏ సరుకు ఎవరికి పోవలెనో, ఏ రైతు ఎప్పుడు బాకీ తీర్చునో వానికి కంఠస్థము. చేయి దెబ్బతిన్నది గాని ఆ తెలివి దెబ్బతినలేదు. వానిని వదలుకొని క్రొత్తవానిని తెచ్చి నేర్పుటకగు ఖర్చు ఏ చిట్టాలోను ప్రత్యేకముగ కనబడదు గాని, యజమాని చేతినుండియే పోవును. గాయపడినవానికి చోటు మిగులునని చూచిన తక్కిన పనివారు ఆ యజమానిని విడిచి అంత సులభముగ పోరు.

రెండు అనుమానములు

పనివారి పక్షమున ఒక అనుమానమున్నది, అది న్యాయమైనదే. "తేలిక పని ఇచ్చెదమని పిలిచి, వచ్చినాడు గదా యని పరిహారము ఎగగొట్టుదురు, లేదా మూలన కూర్చుండబెట్టి అవమానించి, వాడే మాని పోవునట్లు చేయుదురు" అని వారి భయము. ఈ భయము పోగొట్టనిదే ఏ పథకమును నిలువదు. కావున మూడు కట్టుబాట్లు తప్పనిసరి. తిరిగివచ్చినంత మాత్రమున పరిహారపు హక్కు పోగూడదు. ఇచ్చిన పని నిజమైన పని కావలెను. ఒళ్లు తాళలేదని వైద్యుడు చెప్పినచో శిక్ష లేకుండ వెనుకకు పోవు వీలుండవలెను.

యజమానుల అనుమానము వేరు: "మరల దెబ్బ తగిలినచో ఆ భారము మాపై పడదా?" పూర్తిగ కుదురకముందు పాత యంత్రము దగ్గరనే నిలబెట్టినచో తప్పక పడును. అందులకే మెట్టు మెట్టుగ రప్పించుట. వైద్యునినుండి "పనికి అర్హుడు", "అనర్హుడు" అను ఒంటిముక్క కాగితము తెచ్చుకొనుట కాదు. ఎంత బరువు ఎత్తగలడు, ఎంతసేపు నిలువగలడు, ఏ చేయి వాడగలడు, ఎన్ని గంటలు ఓర్వగలడు అని అడిగి వ్రాయించుకొనవలెను. ఆ కాగితము చేత నున్నచో తగిన పని వెదకుట కష్టము కాదు.

మన యింటి సంగతి

మన దేశమున చట్టము బొత్తిగ మౌనముగ నున్నదనరాదు. ఉద్యోగములో నుండగ అంగవైకల్యము పొందినవానిని తొలగింపరాదనియు, హోదా తగ్గింపరాదనియు, ఆ పనికి తగనిచో అదే జీతముపై వేరు పని చూపవలెననియు 1995 నాటి చట్టము 47వ విభాగమున శాసించినది. 2016 నాటి చట్టము 20వ విభాగమున దానిని నిలిపినది. కాని ఈ రక్షణ ప్రభుత్వ సంస్థలకే పరిమితము. తెలంగాణ రోడ్డు రవాణా సంస్థలో రంగుల భేదము గుర్తింపలేడని పనినుండి తప్పింపబడిన డ్రైవరు వ్యాజ్యములో, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ సందర్భమున స్మరింపదగినది. వేరు పని దొరకునా యని మనఃపూర్వకముగ వెదకుట యజమాని ధర్మమని చెప్పి, వానికి అదే జీతపు శ్రేణిలో తగిన ఉద్యోగ మీయవలెనని న్యాయస్థానము ఆజ్ఞాపించినది. సంస్థకును కార్మికులకును 1979లో జరిగిన ఒడంబడికలోనే ఆ మాట యుండెను. వ్రాసికొన్న మాటను చెల్లించుకొనుటకు సుప్రీంకోర్టు వరకు పోవలసివచ్చుటయే మన అలవాటు లేమికి సాక్ష్యము.

సింగరేణి గనులలో వైద్యమండలి అనర్హుడని తేల్చిన కార్మికుని బిడ్డకు ఉద్యోగమిచ్చు పద్ధతి యున్నది. అన్నము పోయిన యింటికి అది ప్రాణాధారము. దానిని తీసివేయుమని మేము చెప్పము. కాని తండ్రి పనికిరానివాడని ముద్ర పడినగాని యిల్లు గడవని స్థితి తండ్రికిని మంచిది కాదు, గనికిని మంచిది కాదు. గనిలోనికి దిగలేనివానికి గని పైన అదే జీతముతో పని చూపుట మొదటి మార్గము కావలెను. బిడ్డకు ఉద్యోగము ఆ మార్గము మూసికొనిపోయినప్పటి యాసరా కావలెను.

ఇక మన గ్రామముల మాట. ఈ పత్రిక చదువు భూస్వాములలో అనేకులకు తాము గూడ యజమానులమను తలంపు రాదు. ట్రాక్టరుతోగాని విద్యుత్తుతో నడచు యంత్రములతోగాని సేద్యము చేయువారి పనివాండ్రు 1923 నాటి చట్టపు రెండవ అనుబంధములోనే చేర్చబడిరి. నూర్పిడి యంత్రముల ప్రమాదముల నుద్దేశించి 1983లో ప్రత్యేకముగ ఒక చట్టము వచ్చినది. కళ్లములో చేయి పోగొట్టుకొన్నవాడు ఏ రిజిస్టరులోను లేకపోవచ్చును. మీ యెదుట మాత్రము నిలిచియున్నాడు. కూలి లెక్క వ్రాయుట, నీటి వంతులు చూచుట, మోటారు కనిపెట్టుట, గొడ్లకు మేత వేయించుట, గింజల కొట్టు తాళములు పెట్టుకొనుట, ఇవన్నియు ఒంటిచేతితో జరుగు పనులే. వ్యవసాయములో తేలిక పని లేదను మాట మేమంగీకరింపజాలము.

కాలు పోయినవాడు పొలము గట్టున నడచుటెట్లని అడుగువారికి జయపురము జవాబు చెప్పినది. 1968 ప్రాంతమున ఆ నగరపు సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో శిల్పకారుడు రామచంద్ర శర్మయు, శస్త్రవైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీయు కలిసి రబ్బరుతో చేసిన కృత్రిమ పాదము, చెప్పు లేకుండ నడచువానికిని, గొంతుక్కూర్చుండువానికిని, బురదలో దిగువానికిని పనికివచ్చునట్లు రూపొందినది. సీమనుండి వచ్చిన పాదము బూటు తొడిగి కుర్చీలో కూర్చుండువానికై చేసినది. ఇది మన పనివాని బ్రదుకును చూచి చేసినది. పాదమును చేసిన దేశమునకు ఆ పాదముతో వచ్చినవానికి పని చూపుట అసాధ్యమా?

కర్తవ్యము

బీమా కార్పొరేషనుకు అధికారముగ నున్నదానిని ప్రభుత్వము విధిగా మార్చవలెను. వైద్యశాలతోపాటు పని చోటికి పోయి చూచు నిపుణుని నియమింపవలెను. చిన్న మిల్లుల యజమానులకు ఒంటరిగ తేలిక పని చూపుట కష్టమైనచో, వారి సంఘములు జిల్లాకొక పట్టిక వ్రాసి, ఒక మిల్లులో లేని పని వేరొక మిల్లులో దొరకునట్లు చూడవచ్చును. కార్మిక సంఘములు పరిహారమునకు పోరాడినంత పట్టుదలతో తిరిగివచ్చు హక్కునకును పోరాడవలెను.

వీనికన్న ముందుగ, ఏ చట్టమును అడ్డగింపని పని యొకటి ప్రతి యజమాని చేతనున్నది. పనివాడు గాయపడిన మొదటి వారములోనే వాని యింటికి పోయి, "నీ చోటు నీకే యున్నది, నీవు చేయగలిగిన పని మనము కలిసి వెదకుదము" అని చెప్పవలెను. దీనికి ఖర్చు లేదు. మంచముపై నున్నవానికి ఆ రాత్రి నిద్రపట్టుటకు అంతకు మించిన మందు లేదు. చెప్పిన మాటను నాల్గవ మాసమున మిల్లు గుమ్మమువద్ద నిలుపుకొనినచో, పరిహారపు చట్టము నూరేండ్లలో చేయలేని మేలు ఆ యొక్క యింటికి జరిగినట్లే.